తాడు లాగిన చెయ్యి

పోయిన వారం ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మా దీవుల్లో పాత కర్రపనివాళ్లు ఎవరెవరు మిగిలారో, వాళ్లకి ఏమేం గుర్తున్నాయో అడిగి రాసుకునే పని ఎవరో ఆమెకి అప్పజెప్పారట. తెలుగు పిల్లే. ఇక్కడే, గోల్ ఘర్‌లో పుట్టి పెరిగింది. నోరు తెరిస్తే మా అమ్మ మాట్లాడినట్టే ఉంది గానీ, తెలుగులో నీ పేరు రాయమ్మా అంటే నవ్వి ఊరుకుంది. ఫోను బల్ల మీద పెట్టి, "తాతా, మీరు చెప్తా ఉండండి, ఇది రికార్డు చేసుకుంటాది" అంది. చెప్పడానికి నాకేం కొదవ? సర్కారు కర్ర కార్ఖానాలో టర్నరుగా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయినవాణ్ణి. పడాక్ కర్ర ఎరుపు గురించి, దాన్ని కోసినప్పుడు చెమటలో కలిసి చొక్కాలకి పట్టే రంగు గురించి, ఉలికి సాన పట్టడం గురించి గంటసేపు చెప్పాను. చాయ్ తాగింది. లేవబోతూ అడిగింది: "మీ చేత్తో చేసిన ఫస్ట్ పీస్ ఏంటి తాతా?" నేను తడుముకోలేదు. "మూత బరిణె. పడాక్‌ది. అది చూసే నాకు పోస్టు ఇచ్చారు" అన్నాను. ఆ పిల్ల "వాహ్" అని, రాసుకుని వెళ్లిపోయింది.

అది చూసి నాకు పోస్టు ఇచ్చిన మాట నిజం. దాన్ని చేసింది నేను కాదు. మా అక్క నూకాలు చేసింది. ఈ ఒక్క సంగతి ఈ వయసు దాకా నేను ఎవరితోనూ అనలేదు. అబద్ధం కూడా కర్రలాంటిదే, రోజూ చెయ్యి తగులుతుంటే నునుపెక్కుతుంది. ఆ రోజు ఆ పిల్ల వెళ్లాక మాత్రం నా మీద నాకే అసహ్యం వేసింది. చావుకి దగ్గరపడ్డవాడికి, ఇక ఏ పోస్టూ అక్కర్లేనివాడికి, ఇంకా ఈ అబద్ధంతో ఏం పని? ఇప్పుడు రాస్తున్నానంటే నాకేదో ధైర్యం వచ్చిందనుకోకండి. మా ఇంట్లో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కొడుకులు హిందీలో చదువుకున్నారు, మనవలది ఇంగ్లీషు. అక్క బడి గుమ్మం తొక్కలేదు. ఈ కాగితాలు బల్ల మీద తెరిచి పెట్టి నెల్లాళ్లు ఊరెళ్లినా వాటి మీద దుమ్ము పడుతుంది తప్ప కన్ను పడదు. సముద్రం అవతల మీరెవరో చదువుకుంటారు, మీకు నా మొహం తెలియదు. ఇలాంటి చోట నిజం రాయడానికి పెద్ద గుండె అక్కర్లేదు.

అప్పట్లో మేము బతు బస్తీలో ఉండేవాళ్లం. మా అయ్య శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి తన అన్నతో కలిసి ఓడెక్కి వచ్చాడు. స్వతంత్రం వచ్చాక దీవులకి మనుషులు కావాలట, పని దొరుకుతుందట, భూమి కూడా ఇస్తారట అని మా వైపు ఊళ్లలో చెప్పుకునేవారు. భూమి వచ్చినవాళ్లకి వచ్చింది. మా వాళ్లకి తెలిసింది వల ఒక్కటే, వాళ్లకి అదే మిగిలింది. రెండు గదుల కర్ర ఇల్లు, పైన రేకులు. వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ఏడాదిలో సగానికి పైగా వానే కాబట్టి మా ఇంట్లో అందరం గట్టిగా అరిచి మాట్లాడటం అలవాటు చేసుకున్నాం, ఒక్క అక్క తప్ప. అమ్మ ఎండుచేపలు అమ్మేది. వానాకాలంలో ఎండ ఉండదు గనక పొయ్యికి పైన వెదురు తడిక కట్టి చేపల్ని పొగకి ఆరబెట్టేది. ఆ వాసన మా దుప్పట్లలో, జుట్టులో, చివరికి నా బడి పుస్తకాల్లో కూడా ఉండేది. బళ్లో పిల్లలు ముక్కు మూసుకుంటే నేను ఇంటికొచ్చి ఆ కోపం అక్క మీద చూపించేవాణ్ణి. అక్క మీద చూపిస్తే అడిగేవాళ్లు లేరు. పులుసు దించగానే తలకాయ అయ్యకి, నడుం ముక్క నాకు, తోక అక్కకి. ఇది ఎవరు పెట్టిన పద్ధతో నాకు తెలియదు. వడ్డించేది అక్కే, తోక వేసుకునేదీ అక్కే.

మా ఇంటి వెనక పాకలో సన్యాసి మేస్త్రి ఉండేవాడు. చుట్టం కాదు, అయ్య వచ్చిన ఓడలోనే వచ్చాడు కాబట్టి మాకు మావ అయ్యాడు. విశాఖపట్నం వైపు లక్కబొమ్మలు చేసే ఊరు ఆయనది. అక్కడ మెత్తని కర్ర, వెన్నలా తెగుతుంది. ఇక్కడి పడాక్ మీద మొదటిసారి ఉలి పెట్టిన రోజు ఉలి అంచు రాలి ఏడుపొచ్చిందని చెప్పేవాడు. పని చేస్తున్నంతసేపూ వెలిగించని చుట్ట ఒకటి నోట్లో పెట్టుకునేవాడు, పని అయ్యాకే దానికి నిప్పు. కర్ర తిప్పే ఆయన సరంజామాని తరిమెన అనేవాడు. నేల మీద రెండు దిమ్మలు, వాటి మధ్య ఒక కర్ర ఇరుసు, ఇరుసుకి రెండు చుట్లు తాడు. ఎదురుగా కూర్చున్న మనిషి తాడు కొసలు రెండూ రెండు చేతుల్తో పట్టుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగాలి. ఇరుసు ముందుకి తిరిగినప్పుడే ఉలి కోస్తుంది. వెనక్కి తిరిగేటప్పుడు ఉలి ఎత్తి పట్టుకోవాలి. కోత, ఎత్తు. కోత, ఎత్తు. ఒంటి మనిషి పని కాదది. వాళ్ల ఊళ్లో మగాడు ఉలి పడితే పెళ్లాం తాడు లాగేది. ఎన్నేళ్లు లాగినా ఆవిడ ఉలి ముట్టకూడదు, ముడితే పదును పోతుందని నమ్మకం. మేస్త్రి పెళ్లాం దీవికి వచ్చిన రెండో వానాకాలంలో జ్వరంతో పోయింది. తరిమెన మూల పడింది. ఆ మనిషి పొద్దస్తమానం చుట్ట నములుతూ గుమ్మంలో కూర్చోవడం చూడలేక అమ్మ అక్కని పంపింది. అలా అక్క మూడేళ్లపాటు మేస్త్రికి తాడు లాగింది. కుడి అరచేతిలో అడ్డంగా కాయ కాసింది. అమ్మ దానికి కొబ్బరినూనె రాస్తూ, ఈ చెయ్యి చూసి ఎవడు చేసుకుంటాడే అని సణిగేది.

నేను ఆ పాకలోకి అడుగుపెట్టింది నా ఇష్టం మీద కాదు. మా పెదనాన్న ఒక తుఫాను రోజు వలకి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటినుంచి అయ్య నన్ను పడవ అంచు కూడా పట్టుకోనివ్వలేదు. నాకొక సర్కారు పోస్టు రావాలి, నేల మీద కూర్చుని జీతం తీసుకోవాలి, అంతే ఆయన కోరిక. చదువులో నేను ఎందుకూ పనికిరానివాణ్ణని అప్పటికే తేలిపోయింది. అలాంటప్పుడు ఊళ్లో సర్కారువాళ్లు కొత్తగా కర్రసామాన్లు చేసే షాపు ఒకటి పెట్టారు. మేస్త్రి పేరు విని అక్కడి ఫోర్‌మన్ ఒకరోజు మా పాక దాకా వచ్చాడు. పొడుగాటి మనిషి, ఎప్పుడూ తల వంచుకునే గుమ్మాలు దాటాల్సిన మనిషి. మేస్త్రి నాకు చూపు ఆనడం లేదు సాబ్, నేను రాలేను అన్నాడు. అయితే మీ దగ్గర నేర్చుకున్నవాళ్లని పంపండి అన్నాడాయన. సొంతంగా చేసిన మూత బరిణె ఒకటి తెచ్చి చూపించాలి, తర్వాత ఆయన ఎదుట మిషను మీద కాస్త పని చెయ్యాలి. ఒకటే పోస్టు. వెళ్తూ వెళ్తూ, తాడు పట్టుకుని కూర్చున్న అక్కని చూసి, "దీదీ, తుమ్ భీ ఆనా. హాథ్ మే కామ్ హో తో హమ్ లడ్కా లడ్కీ నహీ దేఖ్తే" అన్నాడు. చేతిలో పని ఉంటే ఆడా మగా చూడం అని. మేస్త్రి నవ్వాడు. నేను పడీపడీ నవ్వాను. అక్క నవ్వలేదు, తాడు కొస వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. అయ్యకి ఈ సంగతి తెలియగానే నన్ను చెవి పట్టుకుని తీసుకొచ్చి తరిమెన ముందు కూలేశాడు. పరీక్షకి రెండు నెలలు గడువుంది.

బరిణె అంటే ఏముంది, గిన్నెకి మూత, అనుకున్నాను. కూర్చున్నాక తెలిసింది. దిమ్మ ముక్కని ఇరుసు కొసన గూట్లోకి బిగగొట్టి ముందు గుండ్రం చెయ్యాలి. ముందు కొసన లోపల తొలిచి మూతకి సరిపడా చక్రం కోసి తియ్యాలి. తర్వాత వంపు ఉలితో గిన్నె లోపలంతా తొలవాలి. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు, చప్పుడుని బట్టి అడుగు ఎంత మందం ఉందో తెలుసుకోవాలి. ఆ పైన గిన్నె అంచున సన్నటి గట్టు కట్టి, దాని మీద మూత కూర్చోబెట్టి, రెండూ కలిపి తిప్పి పై పని చెయ్యాలి. మేస్త్రి పరీక్ష ఒకటే. మూత గుబ్బ పట్టుకుని ఎత్తితే గిన్నె కూడా లేవాలి. లేచి, ఒక్క ఊపిరిసేపు ఆగి, తనంతట తాను కింద పట్టిన అరచేతిలోకి జారాలి. వెంటనే పడిపోతే వదులు, పడకపోతే బిగువు. రెండూ పనికిరావు.

నా చేతిలో మొదటి ముక్క గూట్లోంచి ఎగిరి రేకుకి తగిలింది. రెండోదానికి అడుగున కన్నం పడింది, అందులోంచి చూస్తే మేస్త్రి చుట్ట కనిపించింది. మూడోది గిన్నె దాకా బాగానే వచ్చింది గానీ మూత కూర్చోబెడితే లోపలికి పడిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను తప్పంతా తాడు మీదికి తోసేవాణ్ణి. సరిగ్గా లాగవేం, మధ్యలో ఆపుతావేం అని అక్కని కసిరేవాణ్ణి. నిజానికి ఆమె లాగుడు మీద నమ్మకంతో మేస్త్రి కళ్లు మూసుకుని పని చేసేవాడు. అక్క నాకు ఎదురు చెప్పేది కాదు. "గట్టిగా అదమకురా, తాడు బరువెక్కిపోతంది. ఉలి కర్రని అడగాల గానీ కొట్టకూడదు" అనేది మెల్లిగా. నువ్వేం చూశావే, తాడు లాగేదానివి అనేవాణ్ణి. "తాడులోంచే తెల్సిపోద్దిరా. నువ్వు ఎక్కడ కోత్తన్నావో, ఎంత కోత్తన్నావో, అన్నీ నా సేతికి వస్తాయి." మేస్త్రి ఆ మాట విని నోట్లో చుట్ట ఈ పక్కనుంచి ఆ పక్కకి మార్చాడు.

ఇంకో చిక్కు ఉంది. పడాక్ కోసిన వెంటనే పచ్చిగా ఉంటుంది. పచ్చి కర్రతో బరిణె చేస్తే ఆ పూట మూత చక్కగా కూర్చుంటుంది, నాలుగు రోజులు పోయేసరికి ఆరి వంకర తిరుగుతుంది, ఇక మూత రాదు. అందుకని మేస్త్రి కొన్ని ముక్కల్ని తన పెళ్లాం బతికున్న రోజుల్లోనే పొయ్యి మీది అటకలో పెట్టి పొగకి ఆరనిచ్చాడు. అలాంటి ముక్కలు నాలుగే ఉన్నాయి. మూడు నేను తగలేశాను. నాలుగోది దించేటప్పుడు మేస్త్రి దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, "ఇది పోతే ఇంక నేదు బావు" అన్నాడు. ఆ రోజే ఆయనకి మలేరియా తిరగబెట్టింది. లోపల దుప్పటి కప్పుకుని మూలుగుతూ పడుకున్నాడు. పరీక్ష ఎల్లుండి. అమ్మ బజారుకి పోయింది. అయ్య వలకి వెళ్లాడు. పాకలో నేను, అక్క, బయట వాన.

ముక్కని గుండ్రం చేశాను. మూత లోపల తొలవబోతే ఉలి చిన్నగా జారి అంచున గీత పడింది. ఇంకొక్క జారుడుతో ముక్క, పోస్టు, అయ్య ముందు నా మొహం, అన్నీ పోతాయి. ఉలి నేలకేసి కొట్టి, నా వల్ల కాదు, పొండి, నేను వలకే పోతాను, చస్తే చస్తాను అని అరిచాను. అక్క మేస్త్రి మూలుగు వినిపించే వైపు ఒకసారి చూసింది. తర్వాత తాడు కింద పెట్టి లేచి వచ్చి, "జరుగు. నువ్వు తాడు లాగు" అంది. పదును పోతుంది, ముట్టకూడదు అన్నాను. "నీ సేతిలో పదును ఉండి ఏటి సేసినాది?" అంది. నేను చచ్చినట్టు వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

తాడు లాగడం అంత కష్టమని నాకు తెలియదు. పది నిమిషాలకి భుజాలు పట్టేశాయి, అరగంటకి అరచేతులు మండాయి. కానీ నేను ఆపలేకపోయాను. అక్క ఉలి పట్టుకున్న తీరు అలాంటిది. ఆమె చేతికి కొత్తదనం ఉంది, మొదట్లో రెండు మూడుసార్లు తడబడింది, పెదవి కొరుక్కుంది. తర్వాత ఏదో కుదిరింది. నేను గీరిన గీత మాయమయ్యేదాకా అంచుని సన్నగా తీసింది. మూత కోసి తీసి ఒళ్లో పెట్టుకుంది. గిన్నె తొలిచేటప్పుడు కళ్లు మూసుకుంది, తల కొంచెం పక్కకి వంచి వింది. ఇన్నాళ్లూ నేను కర్ర పొడి రాల్చాను, ఆమె ఉలి కింద కర్ర పొరలు ఎర్రటి రిబ్బన్లలా చుట్టలు చుట్టుకుని రాలాయి. నేను ఎక్కడ వేగం తగ్గించానో, ఎక్కడ ఒడుపు తప్పానో ఆమెకి నాకంటే ముందు తెలిసిపోయేది. "ఆగు" అనేది, "ఇప్పుడు" అనేది, అంతే. గట్టు దగ్గరికి వచ్చేసరికి నాలుగైదుసార్లు మూత పెట్టి చూసింది, తీసింది, వెంట్రుకంత కోసింది, మళ్లీ పెట్టింది. చివరికి మూత కూర్చోబెట్టి పైన గుబ్బ తీర్చి, మొగలి ఆకు మడిచి తిరిగే కర్రకి అదిమి మెరుగు పెట్టింది. కోసి చేతిలోకి తీసుకుని, గుబ్బ పట్టుకుని ఎత్తింది. గిన్నె లేచింది. ఒక్క ఊపిరిసేపు ఆగింది. గిన్నె జారి ఆమె అరచేతిలో కూర్చుంది.

అక్క అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. మళ్లీ మళ్లీ ఎత్తి చూసుకుంది. "పోరమాన్ సాబు నన్నూ రమ్మన్నాడు గదరా. ఇది పట్టుకుని నాను ఎల్తాను. నువ్వు ఇంకోటి సేసుకో, నాను తాడు లాగుతాను" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అలా జరుగుతుందని అనుకుంది. ఇంకోటి చెయ్యడానికి ఎండిన ముక్క లేదని ఆ సంతోషంలో ఆమెకి గుర్తు రాలేదు. నాకు గుర్తుంది. నేను ఏమీ అనేలోపు వానకి వల చుట్టేసి ఒడ్డుకొచ్చిన అయ్య తడి బట్టలతోనే పాకలోకి వచ్చాడు. ఆ అలికిడికి మేస్త్రి కూడా దుప్పటి కప్పుకుని గోడ పట్టుకుంటూ వచ్చాడు. అక్క చేతిలోంచి బరిణె తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని తిప్పి చూశాడు. ఎత్తాడు. జారింది. "ఎవులు సేసినార్రా ఇది?" అన్నాడు.

అక్క నోరు తెరిచింది. ఆమె మాట ఎప్పుడూ మెల్లిగానే ఉంటుందని చెప్పాను కదా. నేను గట్టిగా అరవడానికి అలవాటుపడ్డవాణ్ణి. "నేనే మావా" అన్నాను.

అయ్య నా తల మీద చెయ్యి వేశాడు. ఆయన నన్ను కొట్టడానికి తప్ప తాకిన గుర్తు నాకు లేదు. "నా కొడుకు నీళ్లలో పోడు. బస్, నాకింకేటి వద్దు" అని పాక గుంజకి ఆనుకుని కూలబడి పెద్దగా ఏడ్చాడు. అక్క అయ్యని చూసింది, తర్వాత నన్ను చూసింది. తెరిచిన నోరు మూసుకుంది. మేస్త్రి నా రెండు చేతులూ పట్టుకుని అరచేతులు పైకి తిప్పాడు. తాడు ఒరుసుకుని బొబ్బలెక్కి ఉన్నాయి. ఉలి పట్టినవాడికి అక్కడ బొబ్బలు రావు. ఆయన నా వేళ్లు ఒక్కొక్కటిగా లోపలికి మడిచి పిడికిలి మూసి, "జాగర్త బావు" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ సాయంత్రం అక్క అన్నం వడ్డించింది. తలకాయ అయ్యకి, నడుం ముక్క నాకు. నాకు ఇంకో ముక్క కూడా వేసింది, ఎల్లుండి పరీక్ష కదా అని. నేను తిన్నాను. గొంతు దిగలేదు లాంటి మాటలు రాయాలని ఉంది గానీ, దిగింది. శుభ్రంగా తిన్నాను. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే చెంబుతో నీళ్లు పోస్తూ, "నువ్వే సెప్తావనుకున్నాన్రా" అంది. నేను చేతులు చొక్కాకి తుడుచుకుని లోపలికి వచ్చేశాను.

పరీక్షలో నా బండారం బయటపడాల్సిందే. అక్కడిది కరెంటు మిషను. ఆగకుండా ఒకే వైపు తిరుగుతుంది, ఉలి ఎత్తాల్సిన పని లేదు. రెండు నెలలు తాడు తరిమెన మీద కూర్చున్న నా చెయ్యి మాత్రం కోత, ఎత్తు, కోత, ఎత్తు అంటూ ఊరికే లేస్తూ పడుతూ ఉంది. చుట్టూ చేరినవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. కర్ర మెట్లు మెట్లుగా తయారైంది. ఫోర్‌మన్ కూడా నవ్వాడు. తర్వాత బల్ల మీదున్న బరిణె తీసుకుని మూత పట్టుకుని ఎత్తి, అది జారడం చూసి, నవ్వు ఆపాడు. "జిస్‌నే యే డిబ్బా బనాయా, ఉస్‌కా హాథ్ హై. మషీన్ తో సీఖ్ జాయేగా" అన్నాడు. ఇది చేసినవాడికి చెయ్యి ఉంది, మిషనుదేముంది, నేర్చుకుంటాడు అని. అలా నాకు పోస్టు వచ్చింది. బరిణెని ఆఫీసు అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత షెడ్డు పడగొట్టి కట్టినప్పుడు అది ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

మిఠాయి పట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్తే ఆయన ముట్టుకోలేదు. "ఆడపిల్లకి పోస్టు ఇత్తారని నాను నమ్మనేదు బావు. అందుకే నోరు మూసుకున్నాను. నీ కోసం గాదు" అన్నాడు. అక్క మర్నాటి నుంచి పాకలోకి వెళ్లలేదు. మేస్త్రి పిలవలేదు. తరిమెన మళ్లీ మూల పడింది, ఈసారి లేవలేదు. ఆ ఏడే అక్కకి బ్రూక్షాబాద్‌లో ఉండే ఒక పడవ ఖలాసీతో పెళ్లయింది. మంచివాడే. ముగ్గురు పిల్లలు. ఇంటిపని, పెరట్లో వక్క చెట్లు, చేపల బజారు, వీటి మధ్య ఆమె జీవితం గడిచింది. అరచేతిలో కాయ రెండేళ్లలో మెత్తబడిపోయిందని అమ్మ సంబరంగా చెప్పింది.

నేను మాత్రం నిజంగానే నేర్చుకున్నాను. చెయ్యి లేనివాడు కూడా రోజూ ఎనిమిది గంటలు మిషను ముందు నిలబడితే ఏదో ఒకనాటికి పనివాడవుతాడు. ఫోర్‌మన్ అయ్యాక ఆడపిల్లల్ని ట్రైనింగుకి తీసుకున్న మొదటివాణ్ణి నేనే. దానికి నన్ను మెచ్చుకున్నారు, శాలువా కప్పారు, పెద్ద మనసన్నారు. ఆ శాలువా కప్పుకుని అక్క ఇంటికి వెళ్లలేకపోయాను. ఇప్పుడు ఆ షాపులో ఆడపిల్లలు కళ్లజోళ్లు పెట్టుకుని, జుట్టు బిగించి కట్టుకుని, పాటలు వింటూ మిషన్ల మీద కర్ర తిప్పుతారు. పడాక్ ముక్క తెచ్చుకోవాలంటే అడవి శాఖ అనుమతి కాగితాలు కావాలి, ఎండబెట్టడానికి కరెంటు గది ఉంది, పాడైతే ఇంకోటి తెచ్చుకుంటారు. ఎవరికీ తాడు లాగేవాళ్లు అక్కర్లేదు. మా రోజుల్లో పని గొప్పది, ఇప్పుడేముంది అని నా ఈడువాళ్లు అంటుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. మా రోజుల్లో గొప్పేముంది? ఒకరు కూర్చుని కోశారు, ఎదురుగా ఒకరు లాగారు, పేరు కోసినవాడిది. నా విషయంలో అది కూడా కాదు.

ఇదంతా కాగితం మీద పెట్టాక కూడా తేలిక కాలేదు. చదవడం రానిదాని గురించి రాసి ఒప్పుకోవడం ఏం ఒప్పుకోవడం? నిన్న బస్సెక్కి బ్రూక్షాబాద్ వెళ్లాను. అక్క వరండాలో కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. చూపు తగ్గింది, అడకత్తెర వైపు చూడటం లేదు, అయినా ముక్కలన్నీ ఒకే మందంలో పడుతున్నాయి. మంచినీళ్లిచ్చింది, మోకాళ్లెలా ఉన్నాయని అడిగింది. నేను ఉపోద్ఘాతం లేకుండా చెప్పేశాను. ఒక పిల్ల వచ్చిందని, అడిగిందని, మళ్లీ అబద్ధం చెప్పానని. "ఆ పిల్లకి ఫోను చేసి చెప్తానక్కా. అది నువ్వు చేసిందని రాయిస్తాను" అన్నాను.

అడకత్తెర ఆగలేదు. "ఎందుకురా ఇప్పుడు?"

"నీదని నలుగురికీ తెలియాలి కదా."

"నలుగురికి తెలిస్తే నాకేటి, తెలవకపోతే నాకేటి. పేరు కోసం నాను ఒక్క పూటయినా ఏడవనేదు." ఇంకో వక్క తీసుకుంది. "మొదటిది గాలివాటంగా కుదిరిపోద్ది, ఎవులికైనా. అది నా సేతిలో ఉన్నాదో, ఆ రోజు అలాగ కలిసొచ్చినాదో, రెండోది సేస్తే గానీ తెల్దు. ఆ రెండోది సేసుకోవాలనుండీది నాకు. అంతే. పోస్టు గాదు, పేరూ గాదు."

"నీ చేతిలోనే ఉందక్కా. బతుకంతా కర్రే తిప్పాను, ఎంతమంది చేతులో చూశాను. అలాంటి చెయ్యి మళ్లీ చూడలేదు. నాకు తెలుసు."

అక్క అడకత్తెర పక్కన పెట్టింది. నేను వచ్చాక మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూసింది.

"నీకు తెల్సు తమ్ముడా" అంది. "తెలవాల్సింది నాకు."